చిన్న బేస్ ఆంప్ సరిగ్గా పలకట్లేదా? మార్చేముందు, కొనేముందు చూసుకోవాల్సినవి

ఇంట్లో వాయించుకోడానికో, ఆఫీసులో పని అయిపోయాక అరగంట వేళ్లు కదిలించడానికో చిన్న బేస్ ఆంప్ (బేస్ గిటార్ శబ్దాన్ని పెంచి వినిపించే స్పీకర్ పెట్టె) ఒకటి కొంటాం. షాపులో బాగానే పలుకుతుంది. తెచ్చి టేబుల్ పక్కన పెట్టాక మొదలవుతుంది గొడవ. కింది తీగకి గొంతు పెగలదు, లేదంటే బర్రుమంటుంది, లేదంటే గదిలో ఇంకేదో మోగుతుంది. వీటిలో చాలా వాటికి ఆంప్ మార్చక్కర్లేదు. కొన్నిటికి మాత్రం మార్చడం తప్ప దారి లేదు. ఏది ఏదో తేల్చుకోవడానికే ఇదంతా.

ఇంకా కొనని వాళ్లు దీన్ని తిరగేసి చదువుకోండి. కింద చెప్పిన బాధల్లో మీరు అస్సలు పడలేనిది ఏదో చూసి, అది లేని ఆంప్ తీసుకోండి.

"ఇ స్ట్రింగ్ వినిపిస్తోంది గానీ, అడుగు లేదు"

అందరూ ముందుగా చెప్పే ఫిర్యాదు ఇదే. నాలుగు తీగల బేస్‌లో అన్నిటికన్నా లావు తీగ ఇ. ఎక్కడా నొక్కకుండా మీటితే వచ్చే ఖాళీ ఇ స్వరం 41 హెర్ట్జ్, అంటే సెకనుకి 41 కంపనాలు. ఐదో తీగ ఉంటే ఖాళీ బి 31 దగ్గర ఉంటుంది. చేత్తో ఎత్తుకుపోయేంత పెట్టెలో ఉన్న ఆరున్నర, ఎనిమిది అంగుళాల స్పీకర్ ఆ స్థాయిలో గాలిని నెట్టలేదు. స్వరం ఒక ఆక్టేవ్ (అంటే సగం హెర్ట్జ్‌కి) కిందికి దిగినప్పుడు అంతే గట్టిగా వినిపించాలంటే కోన్, అంటే స్పీకర్‌లో ముందుకీ వెనక్కీ ఊగే గరాటు, నాలుగు రెట్లు ఎక్కువ దూరం ఆడాలి. అన్నిటికన్నా సన్న తీగ, ఖాళీ జి, 98 హెర్ట్జ్. అక్కణ్నుంచి ఖాళీ ఇ దాకా వచ్చేసరికి ఆ లెక్క ఐదు రెట్లు దాటిపోతుంది. చిన్న కోన్‌కి అంత కదిలే చోటే ఉండదు.

మరి ఫోన్ స్పీకర్‌లో పాట వింటూ బేస్ లైన్ ఎలా పట్టుకుంటున్నాం? ఆ స్పీకర్‌లోంచి 41 హెర్ట్జ్ రానే రాదు కదా. ఇ మోగినప్పుడు దాని వెంటే 82, 124, 165 దగ్గర ఉపస్వరాలు కూడా మోగుతాయి. ఆ వరుస వినగానే, అసలు లేని అడుగు స్వరాన్ని మన మెదడే పూరించుకుంటుంది. చిన్న బేస్ ఆంప్ బతికేది ఈ కనికట్టు మీదే. ఉపస్వరాలు శుభ్రంగా వినిపిస్తే ఆంప్ పెద్దదనిపిస్తుంది, అవి మసకబారితే డొల్లగా అనిపిస్తుంది.

అందుకే అడుగు లేదనగానే చెయ్యి బేస్ నాబ్ మీదికి పోకూడదు. మిడ్ (మధ్య స్వరాల నాబ్) కొంచెం పెంచండి. 200 నుంచి 400 హెర్ట్జ్ మధ్య పట్టు దొరుకుతుంది. కాంటూర్, స్కూప్ లాంటి బటన్ నొక్కి ఉంటే తీసేయండి. అవి మధ్యలో తవ్వేస్తాయి, సరిగ్గా చిన్న స్పీకర్‌కి బలమున్న చోటునే. తీగలు మార్చి ఏళ్లయిందేమో కూడా చూడండి. పాతబడ్డ తీగల్లో ముందు చచ్చిపోయేవి ఉపస్వరాలే. ఆ తీగలు పెద్ద ఆంప్‌లో మెత్తగా, ముద్దుగా ఉండొచ్చు గానీ చిన్నదాంట్లో బురదే.

ఆంప్‌ని గోడ దగ్గరికి, వీలైతే మూలకి జరిపి చూడండి. ఖర్చు లేకుండా బేస్ పెరుగుతుంది. మరీ గుమ్మడికాయ మోగినట్టు అయితే జానెడు ముందుకు లాగండి.

ఇంకో చిక్కు చెవులతోనే ఉంది. శబ్దం తగ్గేకొద్దీ మన చెవి కింది స్వరాలను ఎక్కువగా వదిలేస్తుందని 1933లోనే ఫ్లెచర్, మన్సన్ అనే పరిశోధకులు కొలిచి చూపించారు. రాత్రి పదకొండింటికి వాల్యూమ్ బాగా తగ్గించి వాయిస్తే బేస్ మాయమైపోయేది అందుకే. ఆ సమయంలో మాత్రం బేస్ నాబ్ పెంచుకోవచ్చు, కోన్‌కి అప్పుడు పని తక్కువే ఉంటుంది కాబట్టి. చిన్న ఆంప్‌లో ఈ రెండు నాబ్‌లూ తక్కెడ పళ్లేల్లాంటివి. వాల్యూమ్ పైకి వెళ్తే బేస్ కిందికి రావాలి.

ఇవన్నీ చేశాక కూడా ఖాళీ బి మీకు కావలసినట్టు లేదంటే, అది ఆ సైజు ఆంప్‌లో దొరకదు. పది, పన్నెండు అంగుళాల స్పీకర్‌కి వెళ్లండి, లేదా హెడ్‌ఫోన్ పెట్టుకోండి. నిజం చెప్పాలంటే చెవిని కప్పే మంచి హెడ్‌ఫోన్ వినిపించినంత లోతు ఏ చిన్న ఆంపూ వినిపించలేదు.

"గట్టిగా వాయిస్తే బర్రుమంటోంది"

ముందు బేస్ నాబ్ పూర్తిగా తగ్గించి అదే స్వరం అంతే గట్టిగా వాయించండి. బర్రు పోయిందా? కోన్ తన హద్దు దాటి ఊగుతోందన్నమాట. పైన చెప్పిన తక్కెడ లెక్కే మందు. దగ్గర పెడల్ ఉండి అందులో హై పాస్ ఫిల్టర్ (పెట్టిన అంకె కంటే కింది స్వరాలను కోసేసేది) ఉంటే 40, 50 హెర్ట్జ్ దగ్గర పెట్టండి. అంతకంటే కింద స్పీకర్ ఎలాగూ పలకలేదు, ఊరికే ఊగుతుంది.

బేస్ తగ్గించినా పోకపోతే మీ బేస్ గిటార్ యాక్టివ్ రకమేమో, అంటే లోపల బ్యాటరీతో నడిచే సర్క్యూట్ ఉందేమో చూడండి. వెనక 9 వోల్టుల బ్యాటరీ డబ్బా ఉంటే యాక్టివే. దాని సిగ్నల్ బలంగా వస్తుంది, ఆంప్ ముఖద్వారంలోనే తొక్కిసలాట అవుతుంది. కొన్ని ఆంప్‌లకి ప్యాసివ్, యాక్టివ్ అని రెండు ఇన్‌పుట్‌లో, ఒక బటనో ఉంటాయి. అవి లేకపోతే ఆంప్ గెయిన్ (లోపలికి వచ్చే సిగ్నల్‌ని పెంచే నాబ్) తగ్గించి మాస్టర్ (మొత్తం వాల్యూమ్) పెంచండి.

ఇదే బర్రు రెండు మూడు రోజుల్లో మెల్లగా పెరుగుతూ వచ్చి, శబ్దం కూడా నీరసపడితే ఆ బ్యాటరీయే అయిపోవచ్చింది. యాక్టివ్ బేస్‌లో కేబుల్ గుచ్చి ఉన్నంతసేపూ బ్యాటరీ కరుగుతూనే ఉంటుంది, వాల్యూమ్ సున్నాలో ఉన్నా సరే. ఆంప్ ఆపేసి కేబుల్ వదిలేసి వెళ్లే అలవాటు నాకు ఒక బ్యాటరీల పెట్టె ఖర్చయ్యాక గానీ పోలేదు.

గిటార్ ఆంప్‌లో బేస్ గుచ్చినవాళ్లకీ ఇదే శబ్దం వస్తుంది. మెల్లగా వాయించుకుంటే ప్రమాదం లేదు. గట్టిగా మాత్రం వద్దు, ఆ స్పీకర్ ఈ బరువుకి చేసింది కాదు.

ఏం చేసినా, ఎంత మెల్లగా వాయించినా గరగర ఆగకపోతే జాలీలోంచి టార్చ్ వేసి కోన్ చూడండి. చిరుగో, అంచున రబ్బరు ఊడటమో కనిపిస్తే స్పీకర్ మార్చాల్సిందే.

"ఒక్క స్వరం దగ్గరే ఏదో మోగుతోంది"

ఇది నన్ను రెండు రోజులు తిప్పింది. ఎ స్ట్రింగ్ మూడో ఫ్రెట్, అంటే 65 హెర్ట్జ్ సి, అక్కడ మాత్రం జ్జ్జ్ మని ఈగ చప్పుడు. రెండో ఫ్రెట్‌లో లేదు, నాలుగో ఫ్రెట్‌లో లేదు. స్పీకర్ పోయిందనుకుని పెట్టె వెనక స్క్రూలు విప్పి మళ్లీ బిగించాను. చివరికి వాయిస్తూ ఉండమని ఇంకొకరికి బేస్ ఇచ్చి గదంతా చేత్తో తడుముతూ తిరిగితే దొరికింది. టేబుల్ మీది పెన్నుల డబ్బాలో ఒక స్టీలు స్కేలు అంచుకి ఆని ఉంది. వేలు పెడితే చప్పుడు ఆగింది, తీస్తే మొదలైంది.

ప్రతి వస్తువుకీ తనదైన ఒక ఊపు ఉంటుంది. దానికి సరిపడే స్వరం తగిలితే అది ఒళ్లు తెలియకుండా ఊగుతుంది. ఒకే స్వరానికి వస్తే అనుమానం గది మీద, అన్ని స్వరాలకీ వస్తే ఆంప్ మీద. ఆంప్‌ని వేరే గదికి తీసుకెళ్లి అదే స్వరం వాయించండి. అక్కడా వస్తే హ్యాండిల్, వెనక పలక, జాలీ, జాక్ చుట్టూ ఉన్న నట్టు ఒక్కొక్కటిగా అదిమి చూడండి. చాలాసార్లు స్క్రూడ్రైవర్ పనే.

"పక్కగదిలోవాళ్లు గొడవ చేస్తున్నారు"

మీకు మెల్లగానే వినిపిస్తుంది, గోడవతల మాత్రం డుబ్ డుబ్ అని వినిపిస్తుంది. గోడ పైస్వరాలను ఆపినంతగా కింది స్వరాలను ఆపదు. పైగా ఆంప్ నేల మీద ఉంటే కంపనం నేరుగా నేలలోకి దిగి కింది అంతస్తుకి పోతుంది. ఆంప్‌ని మందపాటి స్పాంజి మీదో, కుర్చీ మీదో పెట్టండి. మూల నుంచి బయటికి లాగండి. కుర్చీ మీద పెడితే ఇంకో లాభం, శబ్దం మోకాళ్లకి కాకుండా చెవికి తగులుతుంది, కాబట్టి తక్కువ వాల్యూమ్ చాలు.

గోడకి ఫోమ్ పలకలు అంటించడం దీనికి పనికిరాదు. అవి గదిలోపలి ప్రతిధ్వనిని తగ్గిస్తాయి, అవతలికి పోయే బేస్‌ని కాదు.

ఆఫీసులో అయితే ఈ తంటాలేవీ వద్దు, హెడ్‌ఫోన్ ఒక్కటే దారి. అసలు అక్కడికి స్పీకర్ ఉన్న ఆంప్ ఎందుకు? వాక్స్ ఆంప్‌ప్లగ్ బేస్ లాంటిది నేరుగా గిటార్ జాక్‌లో గుచ్చుకుంటుంది, రెండు ట్రిపుల్ ఎ సెల్స్‌తో నడుస్తుంది, జేబులో పడుతుంది.

"గుయ్ మంటోంది"

కేబుల్‌ని ఆంప్ వైపు పీకేయండి. అయినా గుయ్ మంటే ఆంప్‌దో కరెంటుదో. ఆగితే గిటార్ వైపు చూడాలి.

గిటార్ వైపయితే కూర్చున్నచోటే మెల్లగా పక్కకి తిరగండి. తిరిగేకొద్దీ గుయ్ పెరుగుతూ తగ్గుతూ ఉంటే సింగిల్ కాయిల్ పికప్ (తీగల కింద ఉండి వాటి కదలికని సిగ్నల్‌గా మార్చే ఒంటి తీగచుట్ట) చుట్టుపక్కల కరెంటుని పట్టుకుంటోంది. మానిటర్‌కీ చార్జర్‌కీ దూరంగా జరగండి. జాజ్ బేస్ తరహాలో రెండు పికప్‌లుంటే రెండిటి వాల్యూమ్‌నీ పూర్తిగా పెట్టండి, ఒకదాని గుయ్‌ని ఇంకొకటి కొట్టేస్తుంది. తీగల మీద చెయ్యి పెట్టగానే తగ్గే గుయ్ మామూలే, దానికి బెంగ అక్కర్లేదు.

లాప్‌టాప్‌ని ఆక్స్ వైరుతో కలిపాక మొదలైతే లాప్‌టాప్ చార్జర్ పీకి చూడండి. పోయిందా, అది గ్రౌండ్ లూప్, అంటే రెండు పరికరాల ఎర్త్ దారులు కలిసి చుట్టు తిరగడం వల్ల వచ్చే గుయ్. బ్యాటరీ మీద వాడుకోండి, లేదా మధ్యలో గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ పెట్టండి. ఆంప్ ప్లగ్‌కి ఉన్న ఎర్త్ పిన్నుని మాత్రం విరిచేయకండి. గుయ్ పోతుందని ఆ సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. లోపల ఏదైనా తేడా వస్తే షాక్ కొట్టేది తీగల మీద చెయ్యి వేసిన మీకే.

హెడ్‌ఫోన్‌తో వచ్చే తంటాలు

ఒకే చెవికి వినిపిస్తే పిన్ను చూడండి. పెద్ద జాక్‌కి మార్చే అడాప్టర్ మీద రెండు నల్లగీతలుంటే స్టీరియో, ఒక్కటే ఉంటే మోనో. ఆంప్ జాక్ స్టీరియో అయితే స్టీరియో అడాప్టర్ కావాలి. జాకే మోనో అయితే ఒక సిగ్నల్‌ని రెండు చెవులకీ పంచే మోనో నుంచి స్టీరియో అడాప్టర్ కొనాలి.

బ్లూటూత్ సంగతి చాలామంది కలగాపులగం చేస్తారు. ఫోన్‌లో పాట పెట్టి బ్లూటూత్‌తో ఆంప్‌కి పంపి దానితో వాయించడంలో ఇబ్బంది లేదు. పాట ఎంత ఆలస్యంగా వచ్చినా మీరు వాయించేది విన్నదాంతోనే కదా. మీ బేస్ శబ్దాన్నే బ్లూటూత్ హెడ్‌ఫోన్‌లో వినాలనుకుంటే మాత్రం కుదరదు. మామూలు బ్లూటూత్‌లో ఆలస్యం 100 మిల్లీసెకన్లు తేలిగ్గా దాటుతుంది. 120 టెంపోలో పావు బీటు 125 మిల్లీసెకన్లే. వేలు ఇప్పుడు కదిలితే స్వరం వచ్చే మాత్రకి వినిపిస్తుంది. వైరున్న హెడ్‌ఫోన్ తీసుకోండి.

మెల్లగా వాయిస్తే వెనక సుయ్ మని గాలి చప్పుడు వినిపిస్తోందా? ట్రెబుల్, గెయిన్ తగ్గించండి. అయినా ఉంటే ఆ ఆంప్ హెడ్‌ఫోన్ సర్క్యూట్ అంతే. దీనికి ఇంట్లో వైద్యం లేదు, కొనేముందే వినాలి.

కొనడానికి వెళ్తే

వాట్ల అంకె చూసి మోసపోకండి. 10 నుంచి 20 వాట్లకి వెళ్తే పెరిగేది 3 డెసిబెల్స్. రెట్టింపు గట్టిగా ఉన్నట్టు అనిపించాలంటే దాదాపు పదింతల వాట్లు కావాలి. ఇంట్లో వాయించడానికి స్పీకర్ సైజు, పెట్టె సైజు ముఖ్యం, వాట్లు తర్వాత. డ్రమ్మర్ పక్కన వాయించే ఆలోచన ఉంటే ఈ సైజు జోలికే రాకండి.

ఇంట్లో ఒకచోటే ఉంచుకునేవాళ్లకి ఎనిమిది అంగుళాల తరగతి సరిపోతుంది. ఫెండర్ రంబుల్ 25, ఆరెంజ్ క్రష్ బేస్ 25 ఈ కోవలోవి. రంబుల్ 25 బరువు తొమ్మిదిన్నర కిలోలు, గది నుంచి గదికి మార్చడానికి ఫర్వాలేదు గానీ రోజూ ఆఫీసుకి మోయడానికి కాదు. క్రష్‌లో ట్యూనర్ ఉంది, హెడ్‌ఫోన్‌కి స్పీకర్ పెట్టె ధోరణి జోడించే ఏర్పాటు ఉంది. రోలాండ్ మైక్రో క్యూబ్ బేస్ ఆర్‌ఎక్స్‌లో నాలుగేసి అంగుళాల స్పీకర్లు నాలుగు ఉంటాయి, సెల్స్ మీద నడుస్తుంది. చేతిసంచిలో పట్టే 3 వాట్ల, మూడంగుళాల బుల్లి ఆంప్‌లు ముచ్చటగా ఉంటాయి. వాటిని పాట సాధన చేసుకునే నోట్‌బుక్ అనుకోండి, వాయిద్యం గొంతు వినిపిస్తుందని మాత్రం అనుకోకండి.

షాపుకి మీ బేస్, మీ కేబుల్, మీ హెడ్‌ఫోన్ తీసుకెళ్లండి. అన్ని నాబ్‌లూ మధ్యలో పెట్టమనండి. అమ్మేవాళ్లు సాధారణంగా బేస్ పెంచే చూపిస్తారు. ఖాళీ ఇ వాయించండి, తర్వాత అదే తీగ మీద ఐదో ఫ్రెట్, పన్నెండో ఫ్రెట్. మూడూ ఒకే మనిషి గొంతులా వినిపించాలి. పన్నెండో ఫ్రెట్ గర్జించి ఖాళీ ఇ దగ్గర నీరసపడితే ఆ పెట్టె మీకు రోజూ చిరాకు తెప్పిస్తుంది. ఆ తర్వాత వాల్యూమ్ మాటల స్థాయికి తగ్గించి ఒక నిమిషం వాయించండి, ఎందుకంటే ఇంట్లో మీరు వాయించబోయేది ఆ స్థాయిలోనే. ఆఖర్న హెడ్‌ఫోన్ గుచ్చి, స్పీకర్ పూర్తిగా ఆగిపోయిందో లేదో అమ్మే మనిషిని అడగండి. మీ చెవులు మూసుకుని ఉంటాయి, మీకు తెలియదు.