కాలేజీ ఫుట్‌బాల్‌లో కాన్ఫరెన్స్ మార్పుల వార్తలను నమ్మే ముందు చూసుకోవలసినవి

అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌ను అనుసరించేవారికి వేసవి వచ్చిందంటే ఒక వార్త తప్పదు: ఫలానా విశ్వవిద్యాలయం తన కాన్ఫరెన్స్‌ను, అంటే తనతో కలిసి పోటీలు ఆడే విశ్వవిద్యాలయాల కూటమిని, విడిచి మరొక దానిలో చేరబోతున్నదట. వీటిలో చాలావరకు నెల తిరగకముందే మరుగున పడిపోతాయి. అలాగని అన్నింటినీ కొట్టిపారేయడానికీ వీలులేదు. టెక్సస్, ఓక్లహోమా విశ్వవిద్యాలయాలు బిగ్ 12 కాన్ఫరెన్స్‌ను విడిచి ఎస్‌ఈసీ (సౌత్‌ఈస్టర్న్ కాన్ఫరెన్స్) వైపు చూస్తున్నాయన్న వార్త 2021 జూలై 21న వెలువడగా, 29న ఎస్‌ఈసీ సభ్యులు పద్నాలుగు ఓట్లతో ఏకగ్రీవంగా ఆహ్వానించారు, 30న రెండు విశ్వవిద్యాలయాల పాలక మండళ్లు దానిని ఆమోదించాయి. ఏ వార్త ఈ కోవలోకి వస్తుందో, ఏది ఉత్త ఊహాగానమో తేల్చుకోవాలంటే శిక్షకుల మాటలను, దేశపటాన్ని కాసేపు పక్కనపెట్టి ఒప్పందాల గడువులను చూడడం అలవాటు చేసుకోవాలి.

ముందుగా ఒక చిన్న హెచ్చరిక. కాన్ఫరెన్స్ పేరులోని అంకెను లెక్కలోకి తీసుకోకూడదు. బిగ్ టెన్‌లో ఇప్పుడు పద్దెనిమిది విశ్వవిద్యాలయాలు, బిగ్ 12లో పదహారు ఉన్నాయి. పేర్లు పాత వ్యాపార చిహ్నాలుగా మిగిలాయే తప్ప, సంఖ్యను గానీ ప్రాంతాన్ని గానీ సూచించడం ఎప్పుడో మానేశాయి.

ఈ కదలికలకు మూలం 1984లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో ఉంది. అంతవరకు ఏ ఆట టీవీలో రావాలో, ఎన్నిసార్లు రావాలో కాలేజీ క్రీడల జాతీయ సంస్థ ఎన్‌సీఏఏ నిర్ణయించేది. ఓక్లహోమా, జార్జియా విశ్వవిద్యాలయాలు వేసిన దావాలో కోర్టు ఆ గుత్తాధిపత్యాన్ని కొట్టివేయడంతో, ప్రసార హక్కులను అమ్ముకునే స్వేచ్ఛ విశ్వవిద్యాలయాలకు, వాటి కాన్ఫరెన్స్‌లకు దక్కింది. ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారన్నట్లు, నోటర్‌డామ్ విశ్వవిద్యాలయం మాత్రం 1991 నుంచి ఎన్‌బీసీ టీవీ సంస్థతో సొంత ఒప్పందం నడుపుకుంటూ, 2020 సీజన్ ఒక్కటి తప్ప, ఫుట్‌బాల్‌లో ఏ కాన్ఫరెన్స్‌లోనూ చేరలేదు. మిగిలినవారు కలిసి అమ్ముకొని, వచ్చినదానిని పంచుకుంటారు. ఆ పంపకంలో వాటా ఎక్కడ పెద్దదో అక్కడికి పోవాలన్న ఆశే ఈ వలసలకు కారణం.

అందువల్ల వార్త కనబడగానే మొట్టమొదట చూడవలసింది, ఆ విశ్వవిద్యాలయం ప్రస్తుతం ఉన్న కాన్ఫరెన్స్ ప్రసార ఒప్పందం ఏ సంవత్సరంలో ముగుస్తుందన్నది. పశ్చిమ తీరపు కాన్ఫరెన్స్ అయిన పాక్-12 పతనం దీనికి తిరుగులేని ఉదాహరణ. దాని ఒప్పందం 2024 వేసవితో ముగియవలసి ఉండగా, 2022 జూన్ 30న లాస్ ఏంజెలెస్‌లోని రెండు విశ్వవిద్యాలయాలు యూఎస్‌సీ, యూసీఎల్‌ఏ తాము బిగ్ టెన్‌కు వెళ్తున్నట్లు ప్రకటించాయి. ఆ తరువాత పాక్-12కు కొత్త ఒప్పందం ఎంతకూ కుదరలేదు. బిగ్ 12కు 2025 వరకు గడువు ఉన్నప్పటికీ, దాని కమిషనర్ బ్రెట్ యోర్‌మార్క్ 2022 అక్టోబరులోనే ఈఎస్‌పీఎన్, ఫాక్స్ సంస్థలతో పొడిగింపు కుదుర్చుకొని పాక్-12ను దాటిపోయారు. వరుసలో వెనుక ఉన్నవాడు ముందుకు వచ్చి సరుకు అమ్ముకుపోతే మిగిలినవాడికి బేరం చెడుతుంది కదా, ఇక్కడా అదే జరిగింది. 2023 జూలై చివర కొలరాడో బిగ్ 12కు వెళ్లింది. ఆగస్టు మొదట్లో పాక్-12 ముందుకు వచ్చినది ప్రధానంగా ఆపిల్ స్ట్రీమింగ్ మీద ఆధారపడిన ప్రతిపాదన. ఆగస్టు 4న ఒరెగాన్, వాషింగ్టన్ బిగ్ టెన్‌కు, అరిజోనా, అరిజోనా స్టేట్, యూటా బిగ్ 12కు మళ్లాయి. నూరేళ్లకు పైబడిన అనుబంధం ఒక్క రోజులో విడిపోయినట్లు కనబడినా, గడువు తేదీని గుర్తుపెట్టుకున్నవారికి ఆ ప్రమాదం ఏడాది ముందే తెలిసింది.

రెండవది గ్రాంట్ ఆఫ్ రైట్స్ అనే పత్రం. ఒక విశ్వవిద్యాలయం తన ఆటల ప్రసార హక్కులను నిర్ణీత గడువు వరకు కాన్ఫరెన్స్ పేర రాసి ఇవ్వడమే దీని సారాంశం. పొలం మనదే అయినా పంట మరొకరికి రాసి ఇచ్చినట్లన్నమాట. జట్టు బయటికి వెళ్లవచ్చు, కానీ హక్కులు పాత కాన్ఫరెన్స్ దగ్గరే ఉండిపోతాయి కనుక కొత్తగా చేర్చుకునేవారికి కలిగే లాభం తగ్గిపోతుంది. బిగ్ 12లో ఈ పత్రం 2025 వరకు అమలులో ఉండడం వల్లనే, ఒక్క ఏడాది ముందుగా 2024లో బయటపడడానికి టెక్సస్, ఓక్లహోమా కలిసి 10 కోట్ల డాలర్లు వదులుకోవలసి వచ్చింది. ఏసీసీ (అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్) పత్రం గడువు 2036 వరకు ఉంది. దానిని సవాలు చేస్తూ ఫ్లోరిడా స్టేట్ 2023 డిసెంబరులో, క్లెమ్సన్ 2024 మార్చిలో కోర్టుకు వెళ్లాయి. 2025 మార్చిలో రాజీ కుదిరి, నిష్క్రమణకు చెల్లించవలసిన మొత్తం ఏటా తగ్గుతూ 2030-31 నాటికి 7.5 కోట్ల డాలర్లకు దిగేలా ఏర్పాటు చేశారు. బిగ్ టెన్ ఒప్పందం 2029-30తో, బిగ్ 12 ఒప్పందం 2030-31తో ముగుస్తాయన్నది కూడా దీని పక్కన పెట్టి చూస్తే, ఏసీసీ నుంచి పెద్ద వలస జరిగితే ఎప్పుడు జరగవచ్చో పాఠకులే ఊహించుకోవచ్చు. అంతకు చాలా ముందే ఎవరో వెళ్లిపోతున్నారన్న వార్తలను నేనైతే అనుమానంగానే చదువుతాను.

నిష్క్రమణ రుసుము గురించి ఎక్కువ ఆందోళన అవసరం లేదు. అది చాలాసార్లు బేరం మొదలుపెట్టడానికి చెప్పే ధర మాత్రమే. మేరీలాండ్ ఏసీసీని విడిచినప్పుడు అడిగింది 5.2 కోట్ల డాలర్లకు పైమాట, 2014లో రాజీ కుదిరింది సుమారు 3.1 కోట్లకు.

మూడవది, పిలిచేవారికి కలిగే లాభం. ఇక్కడ కొలమానం కాలంతోపాటు మారిందన్న సంగతిని చాలామంది గమనించరు. 2014లో బిగ్ టెన్ మేరీలాండ్‌ను, రట్‌గర్స్‌ను చేర్చుకున్నది వాటి ఆటను చూసి కాదు. వాషింగ్టన్, న్యూయార్క్ ప్రాంతాలలోని కేబుల్ చందాదారుల ఇళ్ల నుంచి బిగ్ టెన్ నెట్‌వర్క్‌కు రుసుము రాబట్టడమే లక్ష్యం. కేబుల్ చందాలు తగ్గుముఖం పట్టాక, చుట్టుపక్కల ఎన్ని ఇళ్లు ఉన్నాయన్నదానికన్నా ఆ జట్టు ఆటను నిజంగా ఎందరు చూస్తారన్నదే ముఖ్యమైంది. ఇంకా తెలుసుకోవలసింది వాటా పరిమాణం. చేరినవారందరికీ పూర్తి వాటా దక్కుతుందనుకోవడం పొరపాటు. ఒరెగాన్, వాషింగ్టన్ తగ్గించిన వాటాకే బిగ్ టెన్‌లో చేరాయి. ఎస్‌ఎంయూ (సదరన్ మెథడిస్ట్ విశ్వవిద్యాలయం) అయితే ఏసీసీలో చోటు కోసం తొమ్మిదేళ్లపాటు ప్రసార ఆదాయాన్నే వద్దనుకున్నది. కాబట్టి "వారికి అంత డబ్బు ఎవరిస్తారు" అన్న ఒక్క ప్రశ్నతో ఒక వార్తను తోసిపుచ్చకూడదు.

ఇక ఓట్లు, సమావేశాలు. కొత్త సభ్యులను చేర్చుకోవడానికి సాధారణ మెజారిటీ చాలదు. 2023 సెప్టెంబరు 1న స్టాన్‌ఫర్డ్, కాల్ (బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం), ఎస్‌ఎంయూలను చేర్చుకోవడానికి ఏసీసీలోని పదిహేను ఓట్లలో పన్నెండు కావలసి వచ్చింది. ఇటు వెళ్లే వైపున, ప్రభుత్వ విశ్వవిద్యాలయాల పాలక మండళ్లు సాధారణంగా తమ సమావేశాల అజెండాను ముందుగా ప్రకటించాలి. అత్యవసర సమావేశం, అందులో క్రీడల విషయం కనబడితే పేరులేని వ్యక్తులు చెప్పిన పది కబుర్లకన్నా దానికే ఎక్కువ విలువ ఇవ్వాలి. రాష్ట్ర రాజకీయం కూడా అక్కడే బయటపడుతుంది. యూసీఎల్‌ఏ వెళ్లిపోవడాన్ని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పాలక మండలి సభ్యులైన రీజెంట్లు 2022 డిసెంబరులో ఆమోదిస్తూనే, నష్టపోయే సోదర సంస్థ కాల్‌కు ఏటా కొంత చెల్లించాలని షరతు పెట్టారు.

వెళ్లేవారి సంగతి ఇలా తేల్చుకున్నాక, మిగిలిపోయేవారి సంగతి చూడాలి. ఫుట్‌బాల్‌లో పై స్థాయి అయిన ఎఫ్‌బీఎస్‌లో ఒక కాన్ఫరెన్స్ గుర్తింపు నిలబడాలంటే కనీసం ఎనిమిది జట్లు ఉండాలి, తగ్గితే రెండేళ్ల గడువు దొరుకుతుంది. ఒరెగాన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్ మాత్రమే మిగిలిన పాక్-12 ఆ గడువును వాడుకొని, బోయిసీ స్టేట్, కొలరాడో స్టేట్, ఫ్రెస్నో స్టేట్, శాన్ డియాగో స్టేట్, యూటా స్టేట్, టెక్సస్ స్టేట్ జట్లను 2026 జూలై 1 నుంచి తీసుకొని ఎనిమిదికి చేర్చుకున్నది. ఒక కాన్ఫరెన్స్ ఎనిమిదికి దగ్గరపడిందంటే తరువాతి వార్త దాని కింది స్థాయి కాన్ఫరెన్స్ నుంచి వస్తుందని ఎదురుచూడవచ్చు.

అభిమానులకు అన్నింటికన్నా బాధ కలిగించేది పాత ప్రత్యర్థుల పోటీ ఏమవుతుందన్నది. దానికి జవాబు ప్రకటనలలో దొరకదు. ఆ జట్టు రాబోయే సంవత్సరాలకు కుదుర్చుకున్న కాన్ఫరెన్స్ వెలుపలి ఆటల జాబితాలో వెతకాలి. ఓక్లహోమా, ఓక్లహోమా స్టేట్‌ల పోటీ 2023తో ఆగిపోయింది. కాన్సస్, మిస్సోరి మాత్రం వేర్వేరు కాన్ఫరెన్స్‌లలో ఉంటూనే 2025లో మళ్లీ తలపడ్డాయి. టెక్సస్, టెక్సస్ ఏ అండ్ ఎం పన్నెండేళ్లకు పైగా ఆడుకోకుండా ఉండి, వలస పుణ్యమా అని ఒకే గూటికి చేరి 2024 నవంబరు 30న ఎదురుపడ్డాయి. ఆ జాబితాలో పేరు, తేదీ రెండూ కనబడేవరకు ఆ పోటీకి ప్రయాణం టిక్కెట్లు కొనకపోవడం మంచిది.