వాడిన పోర్షే కొనేటప్పుడు ఏ ఇంజన్ ఎంచుకోవాలి: సమస్య - పరిష్కారం

శ్రీకాకుళంలో ఉండే మా పిన్ని కొడుకు పాత పోర్షే కేమన్ కొనాలని నిశ్చయించుకున్నప్పుడు నాకు పంపిన ఫొటోల్లో మొదటివి రంగువి, తరువాతివి సీట్లవి, ఆ తరువాతివి చక్రాలవి. ఇంజన్ సంగతి అడిగితే “ఎస్ మోడల్ అన్నయ్యా, పవర్ ఎక్కువ” అన్నాడు. 2005 నుంచి 2012 వరకు వచ్చిన 911, కేమన్, బాక్స్‌స్టర్ కార్లు బయటికి దాదాపు ఒకేలా కనిపిస్తాయి గాని, వాటిలో ఉన్న ఇంజన్లు రెండు వేర్వేరు తరాలవి. పైగా పాత తరంలో ఎక్కువ శక్తి ఉన్న ఇంజనే ఎక్కువగా పాడైంది. కాబట్టి ముందు ఇంజన్ తేల్చుకుని, రంగు, ధర ఆ తరువాత మాట్లాడుకోవాలి. కారు చూసేటప్పుడు ఎదురయ్యే లక్షణాలను, వాటి కారణాలను, చేయవలసిన పనులను నాకు ముఖ్యమని తోచిన క్రమంలో రాస్తున్నాను.

సమస్య: ఆర్‌సీలో 2009 అని ఉంది, ఇంజన్ పాత తరానిదో కొత్త తరానిదో తెలియడం లేదు

పోర్షే 2009 మోడల్ సంవత్సరం నుంచి ఈ కార్ల ఇంజన్లను పూర్తిగా మార్చింది. అయితే 2008 మోడల్ కారు షోరూములో ఆగి 2009లో రిజిస్టర్ అయి ఉండవచ్చు కనుక, రిజిస్ట్రేషన్ తేదీ ఈ విషయంలో సాక్ష్యం కాదు.

ఛాసిస్ నంబరులో 17 అక్షరాలు, అంకెలు ఉంటాయి. వాటిలో పదోది మోడల్ సంవత్సరాన్ని చెబుతుంది. అది 8 అయితే 2008, 9 అయితే 2009, ‘ఏ’ అక్షరమైతే 2010. ఇంతకంటే సులువైన మార్గం ఆర్‌సీలోనే ఉంది: ఇంజన్ సామర్థ్యం చూడండి. కేమన్‌లో 2687 సీసీ, 3387 సీసీ పాత తరానివి. 2893 సీసీ, 3436 సీసీ కొత్త తరానివి. 911 కరెరాలో 3596, 3824 పాతవి. 3614, 3800 కొత్తవి. 911 ఎస్ మోడల్‌కు 3.8 లీటర్లని అమ్మేవారు నోటితో చెప్పే లెక్క రెండు తరాలకూ ఒకటే కాబట్టి ఆ చివరి అంకెలే చూడాలి. ఆటోమేటిక్ గేరు అయితే మరో గుర్తు కూడా ఉంది: 5 గేర్ల టిప్‌ట్రానిక్ పాత ఇంజన్‌తోను, 7 గేర్ల పీడీకే కొత్త ఇంజన్‌తోను వచ్చాయి.

సమస్య: టిక్కు టిక్కుమనే శబ్దం, ఒక గొట్టానికి మాత్రమే మసి, ఆయిల్ తాగడం

పాత తరం 3387 సీసీ, 3824 సీసీ ఇంజన్లలో అన్నిటికంటే భయపడవలసిన లక్షణం ఇది. వెనుక ఉన్న రెండు సైలెన్సర్ గొట్టాల్లోనూ తెల్లటి గుడ్డతో తుడిచి పోల్చండి. రెండింటికీ సమానంగా మసి అంటితే పెద్దగా కంగారు పడనక్కరలేదు. ఒకటి పొడిగా బూడిద రంగులో ఉండి రెండోది జిడ్డుగా నల్లగా ఉంటే, ఆ వైపు సిలిండర్లలోకి ఆయిల్ వెళ్లి కాలుతున్నదని అనుమానించాలి.

కారణం సిలిండర్ గోడల తయారీలోనే ఉంది. ఈ ఇంజన్లలో ఇనుప లైనర్లు ఉండవు. అల్యూమినియంలో సిలికాన్ కలిపి పోతపోసిన లోకాసిల్ అనే ఉపరితలం మీద పిస్టన్ నడుస్తుంది. పిస్టన్ పక్కలకు వేసిన పలుచని పూత అరిగిపోతే అల్యూమినియం నేరుగా గోడకు రాసుకుని, గట్టి సిలికాన్ రేణువులు ఊడి, నిలువు గీతలు పడతాయి. రెండో వరుసలోని 4, 5, 6 సిలిండర్లలో ఇది ఎక్కువగా కనిపిస్తుంది. చిన్న ఇంజన్లు దీనికి పూర్తిగా అతీతమని చెప్పలేను గాని, 2687 సీసీలో ఈ జబ్బు చాలా అరుదు.

వాల్వులను తెరిచే టప్పెట్ల శబ్దాన్ని దీనితో పొరబడే అవకాశం ఉంది. వారాల తరబడి నిలిపి ఉంచిన కారులో టప్పెట్లలోని ఆయిల్ కిందికి జారిపోవడం వల్ల మొదటి నిమిషాల్లో టిక్కుమనడం సహజం. ఇంజన్ వేడెక్కిన తరువాత కూడా ఆ శబ్దం ఆగకపోతేనే లోపల చూడాలి. చూడడమంటే ప్లగ్గులు విప్పి, పిస్టన్‌ను అట్టడుగుకు దించి, బోరోస్కోప్ కెమెరాతో ఆరు సిలిండర్ల గోడలనూ పరీక్షించడం. పిస్టన్ మరుగున ఉండే కింది భాగం కూడా కనబడాలంటే ఆయిల్ సంపు విప్పి కింది నుంచి చూడవలసి ఉంటుంది. కంప్రెషన్ (సిలిండర్‌లో నిలిచే ఒత్తిడి) బాగానే వచ్చిందన్న మాట మీద తృప్తి పడవద్దు. గీతలు పడిన సిలిండర్ కూడా చాలాకాలం మంచి కంప్రెషన్ చూపుతుంది.

గీతలు తేలితే ఆ కారు వదులుకోవడమే నా సలహా. మామూలు కారు ఇంజన్ బోరుకొస్తే విజయనగరంలోనో శ్రీకాకుళంలోనో లేత్ షెడ్డుకు పంపి, బోరు కొట్టించి, ఓవర్‌సైజు పిస్టన్ వేయించుకుంటాం. లోకాసిల్ గోడకు ఆ పద్ధతి పనికిరాదు. ఇంజన్‌ను పూర్తిగా విప్పి, నికాసిల్ పూత ఉన్న కొత్త లైనర్లు దించి, కొత్త పిస్టన్లు వేయించాలి. ఆ పనికి అయ్యే ఖర్చు చాలాసార్లు కారు ధరతో పోటీ పడుతుంది.

సమస్య: మీరు వెళ్లేసరికే ఇంజన్ వేడిగా ఉంది

పైన చెప్పిన కేమన్‌ను చూడడానికి తమ్ముడు, నేను మరో రాష్ట్రంలోని నగరానికి వెళ్లాం. ఉదయం 7 గంటలకు వస్తామని ముందు రోజే చెప్పి ఉంచాం. స్టార్ట్ చేస్తే ఎంతో నున్నగా పలికింది. అయితే స్టార్ట్ చేయకముందే నేను సైలెన్సర్ గొట్టం అంచు మీద వేలు పెట్టి చూశాను, చుర్రుమంది. అమ్మే వ్యక్తిని అడిగితే కారు కడగడానికి బయటికి తీశామన్నారు. మేం వాదించలేదు. మర్నాడు మళ్లీ వస్తామని, ఈలోగా కారు ముట్టుకోవద్దని చెప్పి లాడ్జిలో పడుకున్నాం. మర్నాటి ఉదయం చల్లటి ఇంజన్ టకటకమంటూ లేచింది, పదిహేను నిమిషాల తరువాత కూడా ఆ శబ్దం ఆగలేదు, కుడి గొట్టంలో తిప్పిన గుడ్డ కాటుకలా వచ్చింది. అది 3387 సీసీ. అడ్వాన్స్ ఇవ్వలేదు గనుక ఇద్దరం రైలెక్కి తిరిగి వచ్చేశాం.

చల్లటి ఇంజన్ చూపించడానికి అంగీకరించని చోట మిగిలిన పరీక్షలేవీ చేయనక్కరలేదు.

సమస్య: ఆయిల్ ఫిల్టర్‌లో మెరుపు

ఈ కార్ల ఆయిల్ ఫిల్టర్ లోపలిది మడతల కాగితం. దాన్ని బ్లేడుతో కోసి, మడతలు విప్పి, పాత వార్తాపత్రిక మీద పరిచి ఎండలో చూడండి. మెరిసే రేణువులు కనిపిస్తే అయస్కాంతం దగ్గరికి తీసుకురండి. అయస్కాంతానికి అంటుకునేవి ఇనుపవి, అంటే బేరింగ్ నుంచి వచ్చినవి కావచ్చు. అంటుకోనివి అల్యూమినియంవి, అంటే పిస్టన్ లేదా సిలిండర్ నుంచి వచ్చినవి కావచ్చు. నల్లటి గట్టి ప్లాస్టిక్ ముక్కలు టైమింగ్ చైన్ కింద ఉండే పట్టీలవి.

ఇనుప రేణువులకు ప్రసిద్ధి చెందిన కారణం ఇంటర్మీడియట్ షాఫ్ట్ బేరింగ్. పాత తరం ఇంజన్‌లో క్రాంక్ నుంచి, వాల్వులను నడిపే కామ్‌షాఫ్టులకు చలనం అందించే మధ్య షాఫ్టు ఒకటి ఉంటుంది. దాని ఒక చివర గ్రీజు నింపి మూసేసిన బాల్ బేరింగ్ ఉంది. కాలక్రమేణా సీలు సడలి, ఆయిల్ లోపలికి చేరి గ్రీజును కడిగేస్తుంది. ఆ తరువాత బేరింగ్ గుండ్లు అరిగి విరిగితే టైమింగ్ తప్పి, వాల్వులు పిస్టన్లకు తగిలి, ఇంజన్ మొత్తం పోతుంది. 2000 నుంచి 2005 వరకు వాడిన ఒంటి వరుస బేరింగ్ అన్నిటికంటే బలహీనమైనది; 2001 మే నుంచి 2005 ఫిబ్రవరి వరకు తయారైన కార్ల యజమానులు అమెరికాలో వేసిన దావా 2013లో రాజీతో ముగిసింది. 2006 నుంచి 2008 వరకు వచ్చినవాటిలో బేరింగ్ పెద్దది, చాలా తక్కువగా పాడవుతుంది. కాని ఇంజన్‌ను రెండుగా విడదీయకుండా దాన్ని బయటికి తీయలేరు.

2005కు ముందరి బేరింగ్ అయితే క్లచ్ మార్చేటప్పుడు, గేర్‌బాక్స్ ఎలాగూ దించుతారు గనుక, అప్పుడే మార్పించుకోవాలి. తరువాతి పెద్ద బేరింగ్‌కు పై సీలు మాత్రం తీసేసి, ఇంజన్ ఆయిలే దాన్ని తడిపేలా చేస్తారు. కిలోమీటర్లు తిరిగినా తిరగకపోయినా ఏడాదికొకసారి ఆయిల్ మార్పించి, ప్రతిసారీ ఫిల్టర్ కోసి చూడడం తప్పనిసరి. కొత్త తరం ఇంజన్‌లో ఈ షాఫ్టే లేదు.

సమస్య: స్టార్ట్ చేయగానే తెల్లటి పొగ

పిస్టన్లు పక్కకు పడుకుని ఉండే ఇంజన్ కావడం వల్ల రాత్రంతా నిలిపినప్పుడు కొద్దిగా ఆయిల్ సిలిండర్లలోకి జారుతుంది. ఒక నిమిషంలోపు ఆగే పొగకు భయపడవద్దు. వీధంతా కమ్మేసేలా పొగ వచ్చి, ఐడిలింగ్ కూడా ఎగుడుదిగుడుగా ఉంటే ఆయిల్ సెపరేటర్ (ఇంజన్ ఆవిరి నుంచి ఆయిల్‌ను వేరుచేసే భాగం) లోపలి పొర చిరిగి ఉంటుంది. ఆ భాగం మార్చితే సరిపోతుంది. ఇంజన్ పోయిందని కంగారుపడి కారు తక్కువ ధరకు వదిలించుకునేవారు ఉంటారు కనుక, పైన చెప్పిన సిలిండర్, ఫిల్టర్ పరీక్షలు రెండూ బాగుంటే కొనేవారికి ఇది మంచి అవకాశమే.

సమస్య: ట్రాఫిక్‌లో వేడి ముల్లు పైకి పోతోంది, హైవే ఎక్కగానే దిగుతోంది

రెండు తరాలకూ వర్తించే ఈ సమస్యకు మన ప్రాంతంలో ఒక ప్రత్యేక కారణం ఉంది. ఇంజన్ వెనుకో మధ్యలోనో ఉన్నా రేడియేటర్లు మాత్రం ముందు బంపర్‌కు రెండు పక్కలా, తెరిచి ఉన్న నోళ్ల వెనుక ఉంటాయి. రోడ్డు మీది ఆకులు, దుమ్ము వాటిలోకి నేరుగా చేరతాయి. పూసపాటిరేగ, భోగాపురం తీరం వైపు, అటు కళింగపట్నం వైపు తిరిగే కారులోకి చేరేది ముఖ్యంగా సరుగుడు ఆకు. సూదుల్లాంటి ఆ ఆకు ఏసీ కండెన్సర్‌కు, రేడియేటర్‌కు మధ్య సందులోకి దూరి, వానకు తడిసి, ఉప్పుగాలి తేమతో చాపలా అల్లుకుపోతుంది. బంపర్ విప్పి ఒకసారి నేను తీసిన గుత్తి అరచేయంత మందంగా ఉంది. దాని వెనుక రెక్కలు తెల్లగా పొడిబారి, వేలు తగిలితే రాలిపోయే స్థితిలో ఉన్నాయి.

విజయనగరం మూడు లాంతర్ల దగ్గర ట్రాఫిక్‌లో ముల్లు పెరిగి, నాతవలస దాటి హైవే మీద దిగిందంటే, గాలి ఆడకపోవడమో ఫ్యాన్ తిరగకపోవడమో కారణమని గ్రహించాలి. ఏటా వానలు ముగిశాక బంపర్ విప్పించి, తక్కువ ఒత్తిడి నీటితో లోపలి నుంచి బయటికి కడిగించి, నోళ్లకు సన్నని వల బిగించాలి. వేగంతో సంబంధం లేకుండా వేడి పెరుగుతూ, నేల మీద తీపి వాసన గల మరక కనిపిస్తే వాటర్ పంపునో ప్లాస్టిక్ కూలెంట్ ట్యాంకునో చూడండి. పాత తరంలో ఆ ట్యాంకు పగలడం మామూలే. వేడెక్కిన పాత ఇంజన్ సిలిండర్ గోడలకు ముప్పు తెస్తుంది కనుక, ముల్లు పెరిగితే ఇంటిదాకా వెళ్దామనుకోకుండా అక్కడే ఆపి ఫ్లాట్‌బెడ్ (కారును ఎక్కించుకుపోయే బండి) పిలిపించండి.

సమస్య: కొత్త తరం ఇంజనే, కాని స్టార్టర్ చాలాసేపు తిప్పాల్సి వస్తోంది

3436, 3614, 3800 సీసీ ఇంజన్లలో పెట్రోలు నేరుగా సిలిండర్‌లోకి అధిక ఒత్తిడితో చిమ్ముతుంది. ఆ పంపు బలహీనపడితే స్టార్ట్ ఆలస్యమవుతుంది, యాక్సిలరేటర్ తొక్కినప్పుడు కుదుపు వస్తుంది. పెట్రోలు వాల్వులను కడగదు గనుక వాటి మీద మసి కూడా పేరుకుంటుంది. పంపు మార్చడం, మసి తీయించడం ఖర్చైన పనులే అయినా ఇంజన్ ప్రాణానికి ముప్పులేని పనులు.

2893 సీసీ ఇంజన్‌లో ఈ అధిక ఒత్తిడి పద్ధతి కూడా లేదు, మధ్య షాఫ్టూ లేదు. కేమన్‌లో దాని శక్తి 265 హార్స్‌పవర్. పాత ఎస్ మోడల్ 295 కంటే తక్కువే. అయినా అధీకృత పోర్షే సర్వీసు లేని మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఉండేవారికి నేను మొదట చెప్పేది ఈ ఇంజనే. దాని తరువాత 3436 సీసీ, ఆ తరువాత బోరోస్కోప్‌లో గోడలు నున్నగా ఉన్న 2687 సీసీ. పాత 911 టర్బో, జీటీ3 కార్లలో పోర్షే ఇంజనీరు హాన్స్ మెట్స్‌గర్ రూపొందించిన 3600 సీసీ ఇంజన్ వేరే కోవకు చెందినది. దానికి ఈ బేరింగ్, గోడల జబ్బులు లేవు గాని, జిగురుతో అతికించిన కూలెంట్ గొట్టాలు ఊడిపోతాయి, వాటిని వెల్డింగ్ చేయించి ఉండాలి.

సమస్య: కిలోమీటర్లు నమ్మశక్యం కానంత తక్కువ

పోర్షే స్కానర్ పెట్టించి ఇంజన్ నడిచిన గంటలు అడగండి. మీటరులో 40,000 కి.మీ., ఇంజన్ 1,600 గంటలు అయితే సగటు గంటకు 25 కి.మీ.; మన నగరాల ట్రాఫిక్‌కు అది సరిపోతుంది. మీటరులో 30,000 ఉండి గంటలు 3,000 అయితే సగటు 10 కి.మీ. మాత్రమే, మీటరు వెనక్కి తిప్పారనే అనుకోవాలి. మాన్యువల్ గేరు కారైతే అదే నివేదికలో ఇంజన్ పరిమితికి మించి ఎన్నిసార్లు తిరిగిందో ఆరు అంచెల్లో ఉంటుంది. నాలుగు నుంచి ఆరో అంచె వరకు లెక్కలు ఉంటే, అవి ఎన్ని గంటల కిందట నమోదయ్యాయో తప్పక చూడాలి.

సమస్య: మే నెల ఎండలో ఇంజన్ మందకొడిగా లాగుతోంది

98 ఆక్టేన్ (పెట్రోలు తనంతట తాను పేలకుండా తట్టుకునే కొలత) పెట్రోలుకు తీర్చిదిద్దిన ఇంజన్‌లో అంతకంటే తక్కువ ఆక్టేన్ పెట్రోలు పోస్తే, అది తనను తాను కాపాడుకోవడానికి ప్లగ్గు నిప్పురవ్వ టైమింగ్ వెనక్కి తగ్గించుకుంటుంది. 99 లేదా 100 రకం పోయించండి. దొరకనప్పుడు కనీసం 95. ఇథనాల్ కలిసిన పెట్రోలు మన సముద్రపు తేమను పీల్చుకుంటుంది గనుక, ట్యాంకు సగం ఖాళీగా ఉంచి నెలల తరబడి కారు నిలపవద్దు.

సమస్య: ఇంజన్ నంబరు ఆర్‌సీతో సరిపోవడం లేదు

దీన్ని చూడగానే దొంగ కారని నిర్ణయించకండి. పైన చెప్పిన జబ్బుల వల్ల ఎన్నో కార్లలో ఇంజన్లు మార్చారు, ఆ మార్పును ఆర్‌సీలో రాయించడం మరిచారు. మార్చినప్పటి బిల్లు అడగండి. బిల్లు ఉంటే పాత తరం కారు కూడా ఆలోచించదగినదే. అయితే ఆ మార్పును అమ్మేవారి పేరు మీదే వారి ఆర్టీవో కార్యాలయంలో నమోదు చేయించి, ఆ తరువాతే ఎన్‌ఓసీ తీసుకోవాలి. సరిపోని నంబరుతో కారు ఇక్కడికి వస్తే రీ-రిజిస్ట్రేషన్ తనిఖీలో ఆగిపోతుంది, సరిదిద్దించడానికి అమ్మినవారిని మళ్లీ వెతుక్కోవలసి వస్తుంది. తమ్ముడు చివరకు కొన్న 2893 సీసీ కేమన్‌కు అన్ని నంబర్లూ సరిపోయాయి. అడ్వాన్స్ ఇచ్చే ముందు ఆర్‌సీని, ఇంజన్ మీద చెక్కిన నంబరును పక్కపక్కన పెట్టి నాకు ఫొటో పంపాడు.