పాత ఇల్లు కూలగొట్టించకండి, విప్పించండి

రీమోడలింగ్ అనగానే జేసీబీని పిలవకండి. అది ఒక్కపూటలో పని ముగిస్తుంది కానీ టేకు ద్వారబంధాలు, దూలాలు అన్నీ ముక్కలైపోతాయి, అంత చేవ ఉన్న కర్ర ఇప్పుడు కొనాలంటే గుండె గుభేలుమంటుంది. ముందు వడ్రంగిని పిలిచి పెంకులు, వాసాలు, దూలాలు, ఆ తర్వాత తలుపులు, ఇలా పైనుంచి కిందికి దించమనండి. కర్రను స్క్రూడ్రైవర్‌తో తట్టి, పొడిచి చూడండి. డొల్ల శబ్దం వచ్చినా, మొన సులువుగా దిగిపోయినా లోపల చెదలో పుచ్చో ఉన్నట్టే, దాన్ని పక్కన పెట్టేయండి.

పాత రంగు మాత్రం పొడిగా గీకొద్దు! 2017 నవంబర్‌కి ముందు వేసిన రంగుల్లో సీసం ఎక్కువగా ఉండొచ్చు, అందుకే తడిపి గీకాలి, మంచి మాస్క్ పెట్టుకోవాలి, పిల్లల్ని ఆ దరిదాపులకు రానివ్వకూడదు.

సున్నంతో కట్టిన ఇటుకలు సులువుగా ఊడివస్తాయి, సిమెంటుతో కట్టినవి కష్టం. రెండు ఇటుకలు తట్టితే ఖంగుమనాలి, అలాంటివి ప్రహరీకి వాడండి. తాండూరు బండలు అరిగితే మళ్లీ పాలిష్ పట్టించొచ్చు.

సున్నం గోడలు ఉంచేస్తుంటే వాటి మీద సిమెంటు ప్లాస్టరింగ్ వద్దు, తేమ బయటికి పోక పెచ్చులూడతాయి, మళ్లీ సున్నమే వేయించండి.