వాట్సాప్ వెనక్కొచ్చి మళ్లీ పోతోందా? ముందు కాల్ ఫార్వర్డింగ్ చూడండి

"మావయ్యా, అర్జెంటుగా ఇరవై వేలు కావాలని మెసేజ్ పెట్టావు, ఏ నంబరుకు వేయను?" అని మేనల్లుడు ఫోన్ చేస్తాడు. మీరు ఏ మెసేజూ పెట్టలేదు. అతను ఫోన్ చేసి అడిగాడు కాబట్టి సరిపోయింది, అడక్కుండా వేసేసేవాళ్లూ ఉంటారు. అందుకే మొదటి పని, దగ్గరివాళ్లకు మామూలు కాల్ చేసి "నా వాట్సాప్ వేరేవాళ్ల చేతిలో ఉంది, డబ్బు పంపొద్దు" అని చెప్పడం. ఇంట్లో ఇద్దరు ముగ్గురు ఫోన్లు పంచుకుని చేస్తే పది నిమిషాల్లో అయిపోతుంది. ఆ తర్వాత మీ ఫోన్‌లో వాట్సాప్ తెరుచుకుంటోందా లేదా చూడండి. కారణం ఎక్కడుందో దాన్నిబట్టే తెలుస్తుంది.

వాట్సాప్ మామూలుగానే ఉంది, కానీ మీరు పంపనివి వెళ్తున్నాయి

కారణం లింక్డ్ డివైసెస్. ఒక్క ఖాతాకు ఫోన్ కాక ఇంకో నాలుగు పరికరాలు తగిలించుకోవచ్చు, వాటిలో ఒకటి దొంగది. అర నిమిషం పట్టే ఈ తనిఖీని దాదాపు అందరూ వదిలేసి, ఫోన్ రీసెట్ దాకా వెళ్లిపోతారు. ఆండ్రాయిడ్‌లో వాట్సాప్ పైన మూడు చుక్కలు నొక్కితే, ఐఫోన్‌లో సెట్టింగ్స్‌లోకి వెళ్తే లింక్డ్ డివైసెస్ కనిపిస్తుంది. అక్కడ "గూగుల్ క్రోమ్, విండోస్" లాంటి పేరూ, చివరిగా వాడిన సమయమూ ఉంటాయి. మీది కానిదాన్ని నొక్కి లాగౌట్ కొట్టండి. ఏది మీదో అనుమానంగా ఉంటే అన్నీ తీసేయండి, ఆఫీసు కంప్యూటర్‌ను మళ్లీ తగిలించుకోవడానికి నిమిషం చాలు.

పరికరం తగిలించాలంటే క్యూఆర్ స్కాన్ చేయాలి, నేను చేయలేదు కదా అంటారు. స్కాన్ అక్కర్లేదు. "ఇందులో ఉన్నది నీ ఫొటోనేనా చూడు" అంటూ తెలిసినవాళ్ల నంబరు నుంచే లింకు వస్తుంది. తెరిస్తే ఫేస్‌బుక్ లాంటి పేజీ మీ ఫోన్ నంబరు అడిగి, ఎనిమిది అక్షరాల కోడ్ చూపించి, దాన్ని వాట్సాప్‌లో ఎక్కించమంటుంది. ఎక్కించారంటే మీ చేతులతోనే వాళ్ల కంప్యూటర్‌ను తగిలించినట్టు. 2025 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ హెచ్చరించింది ఈ పద్ధతి గురించే.

చాట్‌లో ఏమీ కనబడలేదని ఊరుకోకండి. పంపాక తమ వైపు డిలీట్ చేస్తే మీ ఫోన్‌లోనూ మాయమవుతుంది. పైగా తగిలించిన పరికరానికి మీ పాత చాట్‌లు కూడా చాలావరకు చేరతాయి. ఆధార్ ఫొటోలు, పాస్‌వర్డులు ఎవరికైనా వాట్సాప్‌లో పంపి ఉంటే అవి బయటపడ్డాయనే అనుకోండి. పాస్‌వర్డులు వెంటనే మార్చండి.

మీ ఫోన్‌లో లాగౌట్ అయిపోయింది

మీ నంబరును ఇంకో ఫోన్‌లో రిజిస్టర్ చేశారు. అదే నంబరుతో మళ్లీ లాగిన్ అవ్వండి. ఎస్సెమ్మెస్‌లో వచ్చిన ఆరంకెల కోడ్ ఎక్కించగానే అవతలివాడు బయటికి పోతాడు. ఆ తర్వాత మీరు పెట్టని పిన్ అడిగితే, దొంగ టూ-స్టెప్ వెరిఫికేషన్ (కోడ్‌తో పాటు పిన్ కూడా అడిగే ఏర్పాటు) పెట్టాడని అర్థం. 7 రోజులు ఆగాలి. ఆ 7 రోజులు మీకు వాట్సాప్ ఉండదు, అయితే వాడు కూడా అప్పటికే బయటే ఉంటాడు. పిన్ ఊహించి కొడుతూ కూర్చోవద్దు. కోడ్ కోసం పదేపదే అడిగినా గంటల తరబడి ఆగమనే టైమర్ వస్తుంది.

"ఈ ఖాతా వాట్సాప్ వాడటానికి వీల్లేదు" అని వస్తే, స్పామ్ వెళ్లినందుకు నిషేధించారన్నమాట. అదే తెరమీద రివ్యూ కోరే బటన్ ఉంటుంది, అది నొక్కండి.

తిరిగి తెచ్చుకున్నారు, కాసేపట్లో మళ్లీ పోయింది

అందరినీ తిప్పలు పెట్టేది ఇదే. యాప్ తీసేసి వేస్తారు, ఫోన్ రీసెట్ చేస్తారు, కొందరు కొత్త ఫోనే కొంటారు. అయినా పోతుంది. ఎందుకంటే లోపం ఫోన్‌లో లేదు, సిమ్ నంబరుకు ఆపరేటర్ దగ్గర పడిన కాల్ ఫార్వర్డింగ్‌లో, అంటే మీ కాల్స్‌ను వేరే నంబరుకు మళ్లించే ఏర్పాటులో ఉంది.

వాట్సాప్ కోడ్ ఎస్సెమ్మెస్‌గానే కాదు, ఫోన్ కాల్‌గా కూడా వస్తుంది. ఎస్సెమ్మెస్ మీకే చేరుతుంది గానీ, కాల్‌ను వేరే నంబరుకు మళ్లించవచ్చు. "మీ పార్శిల్ వచ్చింది, అడ్రస్ దొరకట్లేదు, డెలివరీ అబ్బాయితో మాట్లాడాలంటే ఇది కొట్టండి" అని ఒక కోడ్ ఇస్తారు. *21*, *67*, *401*, *405* వీటిలో ఒకదానితో మొదలై, వెనకాల పది అంకెల నంబరు ఉంటుంది. ముందు భాగం ఆపరేటర్‌కు ఆదేశం. ఆ పది అంకెలు దొంగ ఫోన్‌వి.

*21* అయితే కాల్స్ అన్నీ అటే పోతాయి. పొద్దుటినుంచీ ఫోన్ మోగలేదేమిటా అని సాయంత్రానికైనా అనుమానం వస్తుంది. *67*, *405* అలా కాదు. అవి బిజీగా ఉన్నప్పుడు మాత్రమే మళ్లించేవి, మామూలు కాల్స్ మామూలుగానే మోగుతాయి. దొంగ మిమ్మల్ని మాటల్లో పెట్టి, అదే సమయంలో మీ నంబరుకు వాట్సాప్ కోడ్‌ను కాల్‌గా తెప్పిస్తాడు. మీరు లైన్‌లో ఉన్నారు, లేదా ఆ రెండో కాల్ కట్ చేస్తారు. రెండింటిలో ఏది జరిగినా కాల్ వాడికే పోతుంది, ఆరు అంకెలూ వాడి చెవిలో వినిపిస్తాయి. "నేను ఓటీపీ ఎవరికీ చెప్పలేదు" అని బాధితులు ఒట్టేసి చెబుతారు. నిజంగానే చెప్పలేదు, వాళ్లను అనుమానించకండి.

2024 ఏప్రిల్ 15 నుంచి ఇలాంటి డయల్ కోడ్‌ల ద్వారా ఫార్వర్డింగ్ ఆపమని టెలికాం శాఖ ఆపరేటర్లను ఆదేశించింది. ఆ తర్వాతా ఈ మోసంపై హెచ్చరికలు వస్తూనే ఉన్నాయి, కాబట్టి చూడకుండా వదలొద్దు.

వాట్సాప్ ముట్టుకోకముందే ఇవి చేయండి:

1. డయలర్‌లో వాట్సాప్ నంబరున్న సిమ్ ఎంచుకోండి. రెండు సిమ్‌ల ఫోన్‌లో డేటా సిమ్ చూసేసి అంతా బాగుందనుకోవడం మామూలే. వాట్సాప్ తరచూ పాత నంబరు మీద, రెండో స్లాట్‌లో ఉంటుంది.

2. *#21# కొట్టండి, తర్వాత *#67# కొట్టండి. రెండింటికీ వాయిస్ కాల్స్ ఫార్వర్డ్ కావట్లేదనే రావాలి. తెలియని నంబరు కనిపిస్తే ముందు స్క్రీన్‌షాట్ తీయండి, ఫిర్యాదుకు అదే ఆధారం. *#62# కొడితే ఏదో నంబరు రావచ్చు. అది మిస్డ్ కాల్ అలర్ట్ కోసం ఆపరేటర్ పెట్టింది కావచ్చు, దానికి కంగారు పడొద్దు.

3. ##002# కొడితే ఫార్వర్డింగ్‌లన్నీ పోతాయి. జియోలో *413కి కాల్ చేయవచ్చు. మళ్లీ *#67# కొట్టి పోయిందని చూసుకోండి. మిస్డ్ కాల్ అలర్ట్‌లు ఆగితే ఆపరేటర్‌తో మళ్లీ పెట్టించుకోవచ్చు.

4. కోడ్‌లు పలకకపోతే ఆండ్రాయిడ్ ఫోన్ యాప్ సెట్టింగ్స్‌లో కాల్ ఫార్వర్డింగ్ తెరవండి. ఎప్పుడూ, బిజీ, ఎత్తనప్పుడు, అందనప్పుడు అని నాలుగు వరసలుంటాయి. ఐఫోన్ సెట్టింగ్స్‌లో 'ఎప్పుడూ' అన్నది ఒక్కటే ఉంటుంది. అక్కడ ఆఫ్ అని ఉన్నా బిజీ ఫార్వర్డింగ్ నడుస్తూ ఉండొచ్చు. కస్టమర్ కేర్‌కు చేసి నాలుగూ తీసేయమని అడగండి.

5. ఒకరితో మాట్లాడుతూ ఇంకొకరితో మీకు ఫోన్ చేయించండి, ఆ రెండో కాల్ కట్ చేయండి. చేసినవాళ్లకు బిజీ అని వినిపించాలి. రింగ్ సాగినా, కొత్త గొంతు ఎత్తినా ఫార్వర్డింగ్ ఇంకా ఉంది.

ఇవి అయ్యాకే వాట్సాప్ రిజిస్టర్ చేసి, అక్కడికక్కడే సెట్టింగ్స్, అకౌంట్, టూ-స్టెప్ వెరిఫికేషన్‌లో ఆరంకెల పిన్, ఈమెయిల్ పెట్టండి. రేపు పెడదామనుకున్నవాళ్ల ఖాతాలే అదే రాత్రి మళ్లీ పోతాయి. పిన్ ఉంది కదా అని ఫార్వర్డింగ్ వదిలేయడమూ తప్పే. కాల్‌లో కోడ్ చెప్పే మిగతా సేవలన్నిటికీ ఆ తలుపు తెరిచే ఉంటుంది.

మీ నంబరు నుంచి ఏపీకే ఫైళ్లు వెళ్తున్నాయి

"ఆర్టీవో చలాన్", "పీఎం కిసాన్", "పెళ్లి పిలుపు" పేరుతో వచ్చిన ఏపీకేను (ఆండ్రాయిడ్ యాప్ ఫైల్‌ను) మీరో, ఇంట్లో పిల్లలో ఇన్‌స్టాల్ చేశారు. అది ఎస్సెమ్మెస్‌లు చదివేస్తుంది, కాబట్టి ఎన్ని కొత్త కోడ్‌లు తెప్పించినా అటే పోతాయి. మొదట ఫ్లైట్ మోడ్ పెట్టండి. ఐకాన్ దాక్కుంటుంది, హోమ్ స్క్రీన్‌లో వెతకొద్దు. సెట్టింగ్స్‌లో యాప్‌ల పూర్తి జాబితా, ఎస్సెమ్మెస్ అనుమతి ఉన్న యాప్‌లు, యాక్సెసిబిలిటీ, డివైస్ అడ్మిన్ చూడండి. అన్‌ఇన్‌స్టాల్ బటన్ నొక్కుడుపడకపోతే ముందు డివైస్ అడ్మిన్ నుంచి తీసేయాలి. అప్పటికీ పోకపోతే ఫ్యాక్టరీ రీసెట్ ఒక్కటే దారి. ఈలోగా వేరే ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పి యూపీఐ ఆపించండి. ఇది వాట్సాప్‌తో ఆగే సంగతి కాదు.

మిగతావి

వేరే నంబరు నుంచి మీ ఫొటోతో డబ్బు అడుగుతుంటే అది హ్యాక్ కాదు, నకిలీ ప్రొఫైల్. మీవాళ్లందరితో ఆ నంబరును రిపోర్ట్ కొట్టించండి. సిమ్‌లో సిగ్నల్ మొత్తం పోయి రాకపోతే సిమ్ మార్పిడి కావచ్చు, అంటే మీ నంబరుతో వేరేవాళ్లు కొత్త సిమ్ తీసుకుని ఉండొచ్చు, ఆపరేటర్ స్టోర్‌కు వెళ్లండి. గూఢచారి సాఫ్ట్‌వేర్ సంగతి మరిచిపోండి, ఇరవై వేలు అడగడానికి ఎవరూ అది వాడరు.

ఖాతా చేతికొచ్చాక మీరు అడ్మిన్‌గా ఉన్న గ్రూపులన్నీ తెరిచి, కొత్త అడ్మిన్లు, కొత్త సభ్యులు ఎవరైనా చేరారేమో చూడండి. ఎవరైనా డబ్బు పంపి ఉంటే ఆ పంపినవాళ్లే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. యూపీఐ లావాదేవీ నంబరు, సమయం, వెళ్లిన ఖాతా వివరాలు దగ్గర పెట్టుకుని చేయమనండి. డబ్బు అక్కడినుంచి ఇంకో ఖాతాకు పోకముందే ఫిర్యాదు నమోదైతే దాన్ని ఆపే వీలుంటుంది.