ఇంటర్ కెమిస్ట్రీ ప్రాక్టికల్స్: చేయి పెట్టే ముందు చూసుకోండి

అనంతపురం జిల్లా పిల్లలకు ముందుగా నీళ్ల మాట. పరీక్షలో గుర్తించమని ఇచ్చే సాల్ట్‌ను డిస్టిల్డ్ వాటర్‌లోనే కరిగించండి. మన బోరు నీళ్లలో క్లోరైడ్ ఉంటుంది, సిల్వర్ నైట్రేట్ వేయగానే తెల్లబడతాయి. సాల్ట్‌లో లేని క్లోరైడ్ రాస్తే ఆనయాన్ (సాల్ట్‌లోని రుణ అయాన్) మార్కులు మొత్తం పోతాయి. అనుమానమొస్తే ఉత్త నీళ్లకే ఆ పరీక్ష చేసి చూడండి, నిమిషం పని.

బ్యూరెట్, పిపెట్‌లను చివరగా వాటిలో పోసే ద్రావణంతోనే కడగాలి, లేకపోతే పలచబడుతుంది. కోనికల్ ఫ్లాస్క్‌కు మాత్రం డిస్టిల్డ్ వాటర్ చాలు. ద్రావణంతో కడిగితే లోపల మిగిలింది కలిసి రీడింగ్ పెరుగుతుంది.

గరాటు తీశాకే రీడింగ్. అందులోంచి ఒక్క చుక్క జారినా లెక్క తప్పుతుంది.

బ్యూరెట్ ముక్కులో గాలి బుడగ ఉండకూడదు.

బ్యూరెట్‌లో పర్మాంగనేట్ ఉంటే ద్రావణం పై అంచు దగ్గర రీడింగ్ చూడండి, ముదురు రంగులో కింది వంపు కనబడదు.

పర్మాంగనేట్ టైట్రేషన్‌లో గోధుమరంగు వస్తే టెన్షన్ వద్దు. చాలాసార్లు సల్ఫ్యూరిక్ ఆమ్లం తక్కువై ఉంటుంది, పారబోసి మళ్లీ మొదలుపెట్టండి. ఆక్సాలిక్ ఆమ్లమైతే 60–70 డిగ్రీలకు వేడి చేయాలి, చల్లగా ఉంటే చర్య నెమ్మదిస్తుంది. మోర్ సాల్ట్‌ను వేడి చేయొద్దు, అందులోని ఫెర్రస్ ఇనుము గాలికే ఆక్సీకరణం చెందుతుంది.

పిపెట్ చివరి చుక్కను ఊదొద్దు. దాన్ని వదిలేసే కొలత గుర్తించారు.