జాతి కోళ్ల వంశంలో తేడా కనిపిస్తే: లక్షణం నుంచి కారణానికి, కారణం నుంచి పరిష్కారానికి

అసీల్ వంటి జాతి కోళ్లను తరతరాలుగా ఒకే పోలికతో నిలుపుకోవాలంటే కొంత బంధుత్వమున్న కోళ్లను జతకట్టించక తప్పదు. దీన్నే లైన్ బ్రీడింగ్ అంటారు. అయితే ఏ చిన్న తేడా వచ్చినా రక్తం దగ్గరైపోయిందని తీర్మానించి, ఎక్కడి నుంచో ఒక పుంజును తెచ్చి మందలో వదిలేయడం వల్ల ఏళ్ల తరబడి కాపాడుకున్న పోలిక ఒక్క తరంలోనే చెదిరిపోతుంది. అందువల్ల ముందుగా కారణం తేల్చుకోవాలి.

గుడ్లు సరిగా పిల్లలు కావడం లేదు

పొదిగేసిన ఏడో రోజు రాత్రి గుడ్లను టార్చి వెలుగులో చూడండి. గుడ్డు అంతటా తేటగా కనిపిస్తే అందులో బీజం పట్టలేదని అర్థం. ఇది చాలావరకు పుంజు వయసు, కొవ్వు పట్టిన ఒళ్లు, ఎండల తాకిడి వంటి వాటివల్ల జరుగుతుంది. సన్నని ఎర్రటి రక్తపు వలయం కనిపిస్తే బీజం పట్టి, పిండం తొలి రోజుల్లోనే చనిపోయిందన్నమాట. దీనికి గుడ్లను వారానికి మించి నిల్వ ఉంచడం, వేడిగా ఉండే గదిలో పెట్టడం, తల్లికోళ్ల దాణాలో విటమిన్లు తక్కువ కావడం కారణాలు కావచ్చు. దగ్గరి బంధుత్వమూ కావచ్చు.

వీటిలో ఏది అసలు కారణమో తేల్చడానికి ఒక సులువైన పరీక్ష ఉంది. ఆ వంశపు గుడ్లతో పాటు, అదే దాణా తింటున్న సంబంధం లేని పెట్టల గుడ్లను కూడా అదే వారంలో సేకరించి, పెన్సిలుతో వేర్వేరు గుర్తులు పెట్టి, ఒకే పొదుగుడు పెట్ట కింద ఉంచండి. రెండు రకాలూ సమానంగా పాడైతే లోపం దాణాలోనో, నిల్వలోనో, పొదుగులోనో ఉంది. ఒక వంశపు గుడ్లే పాడైతే అవే పెట్టలకు సంబంధం లేని మరో పుంజును జతచేసి చూడండి. పిల్లలు బాగా వస్తే బంధుత్వం మీద అనుమానం బలపడుతుంది, అయితే తేటగుడ్ల విషయంలో లోపం పాత పుంజుదే కావచ్చు. పుంజును మార్చిన తర్వాత కనీసం మూడు వారాలు ఆగాలి, ఎందుకంటే పాత పుంజు బీజం పెట్ట శరీరంలో రెండు మూడు వారాల వరకు నిలిచి ఉంటుంది.

వేళ్లు వంకర, ముక్కు వంకర

ఈ రెండింటినీ ఒకే గాటన కట్టకూడదు. తొలి రెండు వారాల్లో వేళ్లు లోపలికి ముడుచుకుపోతే అది ఎక్కువగా రైబోఫ్లేవిన్ (విటమిన్ బి2) లోపం. తొందరగా గుర్తించి నీటిలో బి-కాంప్లెక్స్ ఇస్తే చాలా పిల్లలు కోలుకుంటాయి, తల్లికోళ్ల దాణా కూడా సరిచేయాలి. పైముక్కు, కిందిముక్కు కత్తెరలా దాటిపోయి పెరిగే లోపం మాత్రం వంశపారంపర్యంగా రావచ్చు. అటువంటి పిల్లను పెంచుకోవచ్చు గానీ దాని నుంచి సంతతి తీయకూడదు. అదే జంటకు మళ్లీ అటువంటి పిల్ల పుడితే ఆ తల్లిదండ్రులను కూడా వేరు చేయాలి.

పోలిక తప్పిన పిల్ల

అసీల్‌కు తల మీద చిన్నగా, అణిగి ఉండే మూడు వరుసల తురాయి ఉంటుంది. అటువంటి జంటకు రంపపు పళ్ల వంటి ఒంటి తురాయి ఉన్న పిల్ల పుడితే చాలామంది బయటి పుంజు ఎక్కిందని ఆ పుంజునే తప్పుపడతారు. నిజానికి ఒంటి తురాయి అంతర్గత లక్షణం. అది బయటపడాలంటే తల్లి నుంచీ తండ్రి నుంచీ, రెండు వైపుల నుంచీ రావాలి. బయటి పుంజు ఎక్కినా ఎక్కకపోయినా ఆ పెట్టలో ఆ గుణం దాగి ఉందన్నది ఖాయం. పుంజును పరీక్షించాలంటే దాన్ని ఒంటి తురాయి ఉన్న నాటు పెట్టతో జతకట్టించాలి. వరుసగా ఏడు పిల్లల్లో ఒక్కదానికీ ఒంటి తురాయి రాకపోతే, దాగి ఉన్న గుణాన్ని మనం గుర్తించలేకపోయే అవకాశం 128లో 1 మాత్రమే.

వనరాజా, గ్రామప్రియ కోళ్ల పిల్లలు రకరకాలుగా పుడుతున్నాయని బాధపడేవారికి మాత్రం వేరే సమాధానం చెప్పాలి. అవి రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన డైరెక్టరేట్ వేర్వేరు లైన్లను కలిపి రూపొందించిన సంకర కోళ్లు. వాటి సంతతి తల్లిదండ్రుల పోలికతోనే నిలబడదు.

ఏటికేడు చిన్నవవుతున్నాయి

రంగు చూసి మాత్రమే పుంజును ఎంచుకుంటే ఇలాగే అవుతుంది. డేగ రంగు కుదిరిందని తేలికపాటి పుంజును ఉంచి, మోటు ఎముక ఉన్న మరో రంగు పుంజును అమ్మేస్తే బరువు తగ్గక మానదు. పిల్లలన్నింటినీ ఒకే వయసులో, ఒకే కాలంలో పుట్టిన వాటితోనే తూచి పోల్చాలి, ఎందుకంటే వేసవి పిల్లలకు ఎదుగుదల తక్కువ. పెట్టలను కూడా అంతే శ్రద్ధగా తూచాలి. సగం రక్తం వాటిదే.

బంధుత్వమే కారణమని తేలితే

సాధారణంగా ఒకే పుంజు, పది పెట్టలతో మందను నడపడమే దీనికి మూలం. అటువంటి మందలో బంధుత్వం, అంటే పిల్లల్లో రక్తం దగ్గరయ్యే స్థాయి, తరానికి సుమారు 14 శాతం చొప్పున పెరుగుతుంది. మూడు పుంజులు, పదిహేను పెట్టలు ఉంటే అది 5 శాతానికి తగ్గుతుంది. అందుకే మందను మూడు కుటుంబాలుగా విడదీసి, కాళ్లకు మూడు రంగుల రింగులు వేయండి. కూతుళ్లు తల్లి కుటుంబంలోనే ఉండాలి; మొదటి కుటుంబపు కొడుకులు రెండోదానికి, రెండోదాని కొడుకులు మూడోదానికి, మూడోదాని కొడుకులు మొదటిదానికి వెళ్లాలి. తండ్రికి కూతురును జతచేస్తే పిల్లల బంధుత్వం 25 శాతం, వేరే పెట్ట ద్వారా పుట్టిన మనుమరాలిని జతచేస్తే 12.5 శాతం, కనుక మంచి పుంజు పోలిక నిలపాలంటే మనుమరాలితో జతే మేలు.

బయటి రక్తం తప్పనిసరైతే అదే పోలిక ఉన్న పుంజును తెచ్చి, నెల రోజులు వేరుగా ఉంచి, రాణిఖెట్ టీకా వేయించి, ముందుగా రెండు మూడు పెట్టలతోనే జతకట్టించండి. వాటి పిల్లలను మళ్లీ మీ వంశానికే జతచేస్తూ పోతే కొత్త రక్తం సగం, పావు, అరపావు చొప్పున తగ్గుతుంది. ఆ పావు రక్తపు పుంజుల్లో పోలిక, గుడ్ల పొదుగు రెండూ బాగున్న వాటిని మాత్రమే ప్రధాన మందలోకి అనుమతించాలి.