ఉప్పు పర్రలో మొక్కల వరుస – 3వ పాఠం: తాడు వేసి నేలను చదవడం

కిందటి పాఠాల్లో ఉప్పు పర్రలో, అంటే పోటు నీరు ఎక్కి దిగే ఉప్పు నేలలో, పెరిగే మొక్కలను గుర్తుపట్టాం. ఈసారి ఏ మొక్క ఎక్కడ ఆగిపోతోందో, ఎందుకు ఆగిపోతోందో కొలుద్దాం.

విశాఖ చుట్టుపక్కల ఉప్పుటేళ్ల వారన సాధారణంగా కనిపించే వరుస ఇది: నీటి అంచున మడ చెట్లు, వెనక వంగరెడ్డికూర, సుయేడా, సాలికోర్నియా (మూడూ ఉప్పును తట్టుకునే చిన్న మొక్కలు), ఆపైన తెల్లగా ఉప్పు పేరిన బోడి నేల, దాన్ని దాటాక గడ్డి, చివర సర్కారు తుమ్మ. అన్ని చోట్లా అన్ని పట్టీలూ ఉండవు. నీటికి దగ్గరైతే ఉప్పెక్కువ, దూరమయ్యేకొద్దీ తక్కువ అని చాలామంది కొలవకముందే తేల్చేస్తారు. అది తప్పు. పల్లంలో పోటు నీరు రోజూ వచ్చి నేలను కడిగిపోతుంది కాబట్టి అక్కడి ఉప్పు సముద్రపు నీటి ఉప్పుకు అటూఇటుగా ఉంటుంది. అమావాస్య, పౌర్ణమి పోట్లు మాత్రమే ఎక్కే మధ్య నేలలో నీరు ఎండకు ఆవిరైపోయి ఉప్పు మిగిలిపోతుంది. బోడి నేల అక్కడే. ఇంకా పైన వానలు ఉప్పును కడిగేస్తాయి. పల్లంలో మొక్కకు అసలు కష్టం ఉప్పు కాదు, వేళ్లకు గాలి అందకపోవడం.

కావలసినవి: మీటరుకో ముడి వేసిన 50 మీటర్ల తాడు, పీవీసీ గొట్టాలతో చేసిన మీటరు చదరపు చట్రం, మేస్త్రీలు మట్టం చూసేందుకు వాడే నీటి గొట్టం, స్కేలు గుర్తులున్న రెండు కర్రలు, 20 మిల్లీసీమెన్స్ దాకా చూపే ఈసీ మీటరు (నీటిలో కరెంటు ఎంత పారుతుందో చూసి ఉప్పును అంచనా వేసేది). ఇంట్లో ఆర్వో నీళ్లు చూసుకునే టీడీఎస్ పెన్ను పనికిరాదు.

తాడును ఏటికి అడ్డంగా, నీటి అంచు నుంచి గట్టు వైపు లాగండి. ఏటి వెంబడి వేస్తే ఒకే పట్టీలో తిరుగుతూ ఉంటారు. 20 మీటర్ల ఎడంతో అలాంటివి మూడు వేయాలి. ఒక్క వరస మీద నమ్మకం పెట్టుకోవద్దు. ప్రతి 5 మీటర్లకు చట్రం పెట్టి, ఒక్కో మొక్క నేలను ఎంత శాతం కప్పిందో రాయండి. పట్టీ మారే చోట మీటరుకొకసారి పెట్టాలి. మొక్కలు ఒకదాని మీద ఒకటి ఉంటాయి కాబట్టి మొత్తం 100 దాటితే కంగారుపడొద్దు. మడ శ్వాసవేర్లను (బురదలోంచి పైకి పొడుచుకొచ్చే వేర్లను) శాతంలో కలపకండి, విడిగా లెక్కపెట్టండి.

ఇక ఎత్తు. ఇక్కడ పౌర్ణమి పోటుకూ పాటుకూ (నీరు దిగినప్పటి మట్టానికీ) తేడా సుమారు మీటరున్నర మాత్రమే. అందుకే అరచేయి ఎత్తు తేడాకే పట్టీ మారిపోతుంది, కంటి అంచనా చాలదు. నీటి గొట్టంలో గాలి బుడగ ఒక్కటి మిగిలినా లెక్క తప్పుతుంది. గొట్టాన్ని నెమ్మదిగా నింపి, రెండు కొసలూ పక్కపక్కన పట్టుకుని మట్టం ఒకటేనా అని చూశాకే మొదలుపెట్టండి. కర్ర బురదలో దిగబడకుండా కింద ఇటుక పెంకో చెక్క ముక్కో వేయండి.

పోటు ఎంతవరకు ఎక్కిందో తెలియాలంటే నల్ల రంగు వేసిన కర్రలు పాతి, వాటి మీద సుద్దముక్కతో నిలువు గీత గీయండి. నీరు తాకినంత మేర గీత చెరిగిపోతుంది. వాన పడితే ఆ రోజు లెక్క వదిలేయాలి.

మట్టి సంగతి కాస్త జాగ్రత్త. ప్రతి చట్రంలో పైన పేరిన ఉప్పు పొరను గీకి వేరే కవర్లో వేయండి. దాన్ని కిందిమట్టితో కలిపితే వేళ్ల దగ్గర లేని ఉప్పు ఉన్నట్టు కనిపిస్తుంది. 10 సెంటీమీటర్ల లోతు మట్టిని ఆరబెట్టి, దంచి, జల్లించి, 20 గ్రాములకు 100 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్ పోయండి. బ్యాటరీల్లో పోసేది చాలు, కుళాయి నీళ్లు వద్దు. గంటసేపు మధ్యమధ్య ఊపి, అరగంట తేరనిచ్చి పైనీటిలో మీటరు ముంచండి. అంతకుముందు 12.88 మిల్లీసీమెన్స్ ప్రమాణ ద్రావణంలో మీటరును సరిచూసుకోవాలి. ఇసుక నేలనూ బంక నేలనూ ఈ అంకెలతో నేరుగా పోల్చకూడదు: ఇసుక నీటిని తక్కువగా పట్టుకుంటుంది కాబట్టి మీటరులో ఒకే అంకె వచ్చినా, వేళ్ల దగ్గరి నీరు ఇసుకలోనే ఎక్కువ ఉప్పగా ఉంటుంది.

గుంత తవ్వినప్పుడే ముక్కుకూ కంటికీ పని చెప్పండి. కుళ్లిన గుడ్డు వాసన, నల్ల బురద ఉంటే గాలి ఆడటం లేదు. ఆ నల్లదనంలో వేరు చుట్టూ తుప్పు రంగు గొట్టంలా కనిపిస్తే ఆ మొక్క తన వేళ్ల గుండా ఆక్సిజన్ దింపుకుంటోందన్నమాట. పీతల బొరియలున్న ఏటి ఒడ్డున నీరు త్వరగా ఇంకిపోతుంది. రెండడుగుల వెనక గిడసబారిన మొక్క అక్కడ ఏపుగా ఉండటానికి తరచూ కారణం అదే. ఎత్తూ ఉప్పూ ఒకేలా ఉండి మొక్క మాత్రం మారితే బొరియల్ని లెక్కపెట్టండి.

మే నెల కొలతల్ని అక్టోబరు కొలతలతో కలపవద్దు. వానలకు పర్ర ఉప్పు దిగుతుంది, బోడి నేల అంచున సాలికోర్నియా మొలకలు కనిపిస్తాయి. ఏ నెలలో కొలిచారో ప్రతి కాగితం మీదా రాయండి. మురుగు కాలువ కలిసే చోట జమ్ము పెరిగితే ఆ వరసను విడిగా ఉంచండి, అక్కడికి చేరే ఉప్పులేని నీరు కాలువది, సముద్రానిది కాదు. విమానాశ్రయం, నౌకాదళం, పోర్టు స్థలాల్లోకి అనుమతి లేనిదే దిగవద్దు. పాటు మొదలయ్యాకే లోపలికి వెళ్లి, పోటు తిరిగే గంట ముందే గట్టెక్కండి.

4వ పాఠానికి మూడు వరసల కాగితాలూ సిద్ధంగా ఉంచుకోండి: దూరం, ఎత్తు, ఈసీ, మొక్కల శాతం. ఒకే గ్రాఫు కాగితం మీద నాలుగింటినీ చూపిస్తాం.